సముద్రము లేని నగరమునకు సముద్రపు వాన

శీతోష్ణస్థితి మారుచున్న ఈ కాలమున తీరనగరములు తమ్ము తాము కాపాడుకొను మార్గమేమి అను చర్చ వచ్చినప్పుడెల్ల విశాఖపట్టణము, చెన్నై, ముంబయి పేర్లు వినవచ్చునే గాని, బంగాళాఖాతమునకు దాదాపు 300 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 500 మీటర్ల పైయెత్తున, దక్కను పీఠభూమి రాళ్లపై వెలసిన హైదరాబాదు పేరు ఎవరికిని తట్టదు. అలలు రాని ఊరికి సముద్రముతో పనియేమి యనుకొనుట లోకసహజము. ఐనను 2020 అక్టోబరు 13వ తేదీ ఉదయము కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్ర వాయుగుండము పడమరగా నడచివచ్చి, రాత్రికి రాత్రి హైదరాబాదు వీధులను వాగులు చేసి, పల్లె చెరువు కట్టను తెంపి, గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు నీటితో బెంగుళూరు రహదారిని కోసివేసి, వారము తిరుగకముందే గుఱ్ఱం చెరువునకు గూడ గండిపెట్టి, పాతబస్తీలో ఎన్నో ఇండ్ల దీపములార్పినప్పుడు, బంగాళాఖాతము తనకు తీరముగా ఎంచుకొన్న ఊళ్లలో ఈ ఊరును ఉన్నదని తేటపడెను.

దీనికి కారణము క్లిష్టమైనది కాదు. వెచ్చని గాలి చల్లని గాలికంటె ఎక్కువ తేమను మోయగలదు; ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి సుమారు 7 శాతము చొప్పున ఈ శక్తి పెరుగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. పందొమ్మిదవ శతాబ్దితో పోల్చిచూచినచో భూగోళపు సగటు ఉష్ణము ఇప్పటికే ఒక డిగ్రీకి మించి పెరిగినది. సముద్రము వేడెక్కినకొలది దానిపై పుట్టిన వాయుగుండము మోసుకొనివచ్చు నీటిభారమును పెరుగును. మోయగలిగినంత మోసి, దింపినప్పుడు ఒక్కచోటనే దింపును. కనుకనే సంవత్సరములో వాన కురియు దినములు పెరుగకపోయినను, కురిసిన గంటలో పడు నీటి పరిమాణము పెరుగుచు, ఆ నడిమి దినములలో ఎండ మాత్రము మునుపటికంటె తీవ్రముగ కాయుచున్నది. ఒకే యేట నీటి ట్యాంకరు కొఱకును, వరదలో పడవ కొఱకును ఎదురుచూడవలసిన అవస్థ నగరవాసికి ఇట్లు సంభవించినది.

కావున తీరనగరపు ప్రశ్న హైదరాబాదునకును చెందినదే. దిక్కు ఒక్కటియే వేరు. విశాఖకు ఆపద తూర్పున నున్న కడలినుండి ఎదురుగా వచ్చును. హైదరాబాదునకు వెనుకనుండి, అనగా పడమటనున్న వికారాబాదు, చేవెళ్ల, శంకరపల్లి, మొయినాబాదు పల్లెలమీదుగా నదినీరై వచ్చును. ఆ పల్లెలలో ఒకటి మోకిల. రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలములోని ఈ గ్రామము పేరు పదేండ్ల క్రిందట నగరములో వినినవారు అరుదు. నేడు స్థలముల ప్రకటనలు చూచు ప్రతివానికిని అది పరిచితమే. హైదరాబాదు భవిష్యత్తును గూర్చి మాటలాడువారందఱును మూసీ ఒడ్డున నిలుచుండి మాటలాడుచున్నారు. నా మట్టుకు నాకు ఆ భవిష్యత్తు చాలవఱకు మోకిల వంటి ఊళ్ల చెరువుకట్టలపైననే తేలిపోవునని తోచుచున్నది. ఎట్లన, చెప్పెదను.

వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, శంకరపల్లి ప్రాంతపు భూములగుండ తూర్పునకు ప్రవహించి గండిపేట జలాశయమును చేరును. దక్షిణమున దాని తోబుట్టువు ఈసీ, హిమాయత్ సాగరును చేరును. ఈ రెండును నగరపు గుమ్మమున, బాపూఘాట్ వద్ద, సంగమించి ఒక్కటియై, పురానాపూల్ క్రిందుగా, చాదర్‌ఘాట్ మీదుగా సాగి, కడకు వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. పడమట నల్లరేగడి, తూర్పునకు వచ్చినకొలది ఎఱ్ఱచల్క, నడుమనడుమ రాతి గుట్టలు: ఇది ఇచ్చటి నేల. చేవెళ్ల క్యారెట్టును, టమాటాను నగరపు రైతుబజారులన్నియు ఎఱుగును. మొయినాబాదు తోటల పూలు తెల్లవారకమున్నే గుడిమల్కాపూరు పూలమార్కెట్టు చేరును. ఈ నేలపై జీవనది లేదు, పెద్ద కాలువ లేదు, ఉన్నదెల్ల వాన. ఆ వానను నిలువబెట్టుకొనుటకు పూర్వులు చేసిన యేర్పాటు గొలుసుకట్టు చెరువులు.

ఆ యేర్పాటును కొంచెము దగ్గఱగా చూడవలెను. ఏలయన నేడు విదేశీయ పట్టణనిర్మాతలు కొత్త పేర్లు పెట్టి బోధించుచున్న దానిలో సగము అందులోనే కలదు. మిట్టమీద నొక కుంట; దానికి పల్లమున మఱియొక చెరువు; దానికిని పల్లమున ఇంకొకటి. పై కుంట నిండినప్పుడు కట్ట మీదుగా నీరు పొర్లక, కట్టకొక చివర రాతితో కట్టిన మత్తడి మీదుగా దుముకును; ఆ నీరు వాగుపట్టి, దారిలో కత్వలనెడు చిన్న అడ్డుకట్టలవద్ద ఒకింత నిలిచి, దిగువ చెరువులోనికి పోవును. చెరువు మత్తడి దుంకినది అనుట ఈ సీమలో ఒక పండుగ వార్త. ఆ దినమున ఊరు ఊరంతయు కట్టపైకి పోయి చూచుట అలవాటు. పొలములకు నీరు విడుచుటకు తూము. ఆ తూము ఎత్తి దింపుటకు, కట్టకు బొరియలు పడకుండ కనిపెట్టుటకు నీరటి. ఆతనికి పంటలో వంతు. చెరువులో నీరు తగ్గినకొలది బయటపడు నేల శిఖము. దానిలో ఆరుతడి పంట వేసికొనవచ్చును గాని ఇల్లు కట్టరాదు, మెఱక పోయరాదు. వర్షము వచ్చినప్పుడు అది తిరిగి చెరువునకే చెందును. ఈ ఒక్క శిఖపు కట్టుబాటులో ఎంత దూరదృష్టి యున్నదో యోచింపుడు: ఏడేండ్లకో, పదేండ్లకో ఒకసారి మాత్రమే వచ్చు నీటికి సైతము, అది రాని యేండ్లలో గూడ, చోటు ఉంచిపెట్టుట.

నగరమునకు ఎగువన, మూసీ ఈసీల పరీవాహకమైన 860 చదరపు మైళ్ల భూమిలో 788 చెరువులున్నవని 1909లో లెక్క తేలినది. అనగా ఇంచుమించు చదరపు మైలున కొక చెరువు. ఆ లెక్క తీయవలసిన అవసరము ఒక మహావిపత్తువలన కలిగినది. 1908 సెప్టెంబరు చివరి దినములలో ఈ భూములపై ఎడతెగని వాన కురిసెను. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు పడెను. ఎగువనున్న చెరువొకటి తెగి, దాని నీరు దిగువ చెరువుపై విరుచుకపడి దానిని తెంపి, ఆ రెండింటి నీరును మూడవదానిపైబడి, ఇట్లు 221 చెరువులు తెగిపోగా, ఆ నెల 28వ తేదీన మూసీ నగరముపై బడెను. నాటి ప్రవాహము సెకనుకు 4,25,000 ఘనపుటడుగులవఱకు ఉండెనని తరువాత అంచనా వేసిరి. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికిని నిలిచియున్నది. చికిత్సకై వచ్చి ఆ నీడను కూర్చున్నవారిలో దాని కథ యెఱిగినవారెందఱో చెప్పలేము.

ఆ వరద పిమ్మట నిజాము ప్రభుత్వము చేసిన మంచిపని యేమన, బొంబాయి ప్రభుత్వపు కొలువు చాలించుకొని విదేశములలో పర్యటించుచుండిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించుట. ఆయన 1909లో వచ్చి, మూసీ ఒడ్డున మాత్రమే కొలతలు తీసికొని ఊరకుండక, పరీవాహకమంతటిని పరిశీలింపజేసి, ఏ చెరువు ఎచ్చట ఏల తెగినదో విచారించి, ఆ యేటి అక్టోబరునాటికి నివేదిక సమర్పించెను. నగరములోని నదీతీరములను ఎత్తుచేసి, ఉద్యానములుగాను విశాలమైన వీథులుగాను తీర్చుటయు ఆయన సూచనలలో కలదు; ఐనను ప్రధానసూచన అది కాదు. నగరమునకు ఎగువన రెండు నదులపైన రెండు జలాశయములు కట్టి, వరదను అచ్చటనే పట్టి, మెల్లమెల్లగా విడువవలెనన్నది ఆయన సిద్ధాంతము. ఆ ప్రకారము మూసీపై గండిపేట జలాశయమైన ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఈ నిర్మాణములతో సంబంధమున్న నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జన్మదినమైన జులై 11వ తేదీని తెలంగాణము ఇంజినీర్ల దినముగ జరుపుకొనుచున్నది.

ఉస్మాన్ సాగరు పూర్తిమట్టము 1790 అడుగులు, నిలువ 3.9 టి.ఎం.సి.లు, హిమాయత్ సాగరు మట్టము 1763.5 అడుగులు, నిలువ 2.97 టి.ఎం.సి.లు. రెండును కలిపి ఏడు టి.ఎం.సి.లకు లోపు. ఈ అంకెను గుర్తుంచుకొని పాఠకులు నాతో ఒక చిన్న లెక్క కట్టవలెను. 1908లో శంషాబాదున పడిన 12.8 అంగుళములనగా ఇంచుమించు 32 సెంటీమీటర్లు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసరు వద్ద 24 గంటలలో నమోదైన వర్షమును దాదాపు 32 సెంటీమీటర్లే. వాన రెండుసార్లును ఒక్కటే. ఫలితము ఏల వేఱైనది? జంట జలాశయములు కాపాడినవనుట కొంతవఱకే నిజము. ఘట్‌కేసరు నగరమునకు తూర్పున, నది దిగువకు పోవు దిక్కున నున్నది. ఆ మేఘము తన బరువును అచ్చట దింపుకొనుటచే నీరు నగరమును దాటిన పిమ్మటనే నదిలో చేరెను. అదే మేఘము మఱి యేబది అఱువది కిలోమీటర్లు పడమరకు నడచి, చేవెళ్ల, మోకిల, షాబాదులమీద కురిసినచో? 860 చదరపు మైళ్లపైన 32 సెంటీమీటర్ల వానయనగా సుమారు 25 టి.ఎం.సి.ల నీరు. అందులో సగము నేలలో ఇంకినదనుకొన్నను, మిగిలిన సగము, రెండు జలాశయములును పూర్తిగా వట్టిపోయి యున్నప్పటికిని వానిలో పట్టదు. అక్టోబరు మాసమున అవి వట్టిపోయి యుండవు గదా!

ఇచ్చటనే ఆ జలాశయముల స్వభావములోని చిక్కు బయటపడును. వరదను పట్టవలెనన్నచో జలాశయములో చోటుండవలెను. దాహము తీర్చవలెనన్నచో అది నిండియుండవలెను. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడని నానుడి. ఆ నీరు పంపులతో పనిలేక, పల్లమునకు తానై ప్రవహించి ఆసిఫ్‌నగరు ఫిల్టరుబెడ్లను చేరుచుండెడిది. తరువాత మంజీరా వచ్చెను, సింగూరు వచ్చెను, 2004లో కృష్ణ వచ్చెను, ఆపైని గోదావరి వచ్చెను. వందకు మించిన కిలోమీటర్ల దూరమునుండి, ఎత్తునకు ఎత్తిపోసి తెచ్చు ఆ నీటికి కరెంటు ఎంత ఖర్చగునో చెప్పనక్కఱలేదు. ఆ కరెంటులో చాలభాగము బొగ్గును కాల్చి చేసినదే యనియు, వాన స్వభావము చెడుటకు ఆ పొగయే మూలమనియు తలచినప్పుడు, గండిపేట నీటి విలువ ఇంకను పెరుగును. కాని ఆ జలాశయములకు వచ్చు నీరే తగ్గినది. పరీవాహకమున వర్షపాతము అంతగా తగ్గకున్నను ప్రవాహము తగ్గుచు వచ్చినదనియు, ఎగువ వెలసిన చెక్‌డ్యాములును, బోరుబావులతో భూగర్భజలము తోడుకొను సేద్యమును అందుకు కారణములనియు హిమాయత్ సాగరుపై పరిశోధించినవారు చెప్పిరి. 2016 వేసవిలో రెండును ఎండి పగుళ్లు చూపినవి. నాలుగేండ్లకు హిమాయత్ సాగరు గేట్లు ఎత్తవలసివచ్చినది. 2025 సెప్టెంబరు చివర రెండింటి గేట్లును ఎత్తగా, మూసీ పాయల నడుమ ఇమ్లీబన్‌లో కట్టిన మహాత్మాగాంధీ బస్‌స్టేషను ప్రాంగణములోనికి నీరు చొచ్చి, రాత్రివేళ ప్రయాణికులను త్రాళ్ల సాయమున దాటింపవలసివచ్చినది. నదీగర్భములో బస్‌స్టాండు కట్టినవారిని తప్పుపట్టుదమా, నీరు విడిచినవారిని తప్పుపట్టుదమా అని కొన్నాళ్లు వాదములు నడచినవి. నది మాత్రము తన పాతదారిని నడచినది.

ఇఁక మోకిల సంగతి. 2023 ఆగస్టులో హెచ్.ఎం.డి.ఏ. ఇచ్చట ప్లాట్లు వేలము వేయగా గజము గరిష్ఠధర లక్ష రూపాయలు దాటినది. మఱుసటి యేడు సెప్టెంబరు మొదటివారపు వానలకు ఈ ఊరనే ఒక విల్లాల కాలనీ మునిగి, లోపలి దారులలో నీరు నిలిచి, కోట్లు పెట్టి ఇండ్లు కొన్నవారు ట్రాక్టర్లెక్కి బయటపడవలసివచ్చినది. ఆ వాన 1908 నాటి వాన కాదు, 2020 నాటి వాన యంతయును కాదు. నీరు తాను ఎప్పుడును పోవు పల్లమునకే పోయినది. ఈ సీమలో ఆ పల్లముల కథ చాల పాతది. శంకరపల్లి చేరువనున్న బుల్కాపూరు వద్ద మొదలై, జన్వాడ, కోకాపేట, నార్సింగి, మణికొండల మీదుగా నడచి, హుస్సేన్ సాగరులో పడునట్లు పూర్వము త్రవ్విన నాలా ఒకటి కలదు. మూసీ ఎగువ నీటితో నగరపు చెరువును నింపుటకై, కుతుబ్‌షాహీల కాలమునుండి వచ్చిన యేర్పాటది. మోకిల ప్రాంతపు వాన నెక్లెస్ రోడ్డు పక్కనున్న చెరువునకు చేరుటకు ఏర్పడిన రాజమార్గము! నేడు ఆ నాలాలో ఎచ్చట ఎంత వెడల్పు మిగిలియున్నదో, ఎచ్చట ప్రహరీగోడ క్రింద మాయమైనదో, ఎచ్చట పైపులోనికి దూర్చబడినదో దానివెంట నడచిపోయినవారే చెప్పగలరు.

ఎకరము భూమిపై పది సెంటీమీటర్ల వాన కురిసినచో నాలుగు లక్షల లీటర్ల నీరగును. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనుబది. ఆ ఎకరము చల్క దుక్కియైనచో అందులో గణనీయమైన భాగము నేల త్రాగివేయును. సిమెంటు పరచిన పార్కింగును, మిద్దెలును ఐనచో ఎనుబది ట్యాంకర్లును అర్ధగంటలో గేటు దాటి వాగునకు పోవలెను, వాగు లేనిచో పొరుగు సెల్లారులోనికి పోవలెను. మార్చి వచ్చుసరికి ఆ గేటులోనికే, కొన్న నీటితో, ట్యాంకర్లు తిరిగివచ్చుచుండును. ఇంతకంటె విచిత్రమైన వ్యాపారమును నేనెచ్చటను చూచి యెఱుగను.

జంట జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, దట్టమైన నివాసములకు హద్దు పెట్టుచు 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు జీవో నగరములో చదువుకొన్నవారికెల్ల తెలియును. సుప్రీంకోర్టు సైతము ఈ జలాశయముల రక్షణను బలపఱచినది. 2022 ఏప్రిలులో 69వ నంబరు జీవోతో ఆ హద్దులు సడలింపబడినవి. పర్యావరణప్రియులు దీనిని నిరసించిరి. వారి నిరసన న్యాయమే. కాని మొయినాబాదు రైతు పక్షమును గూడ వినవలెను. పక్క ఊరి భూమి కోట్లకు పోవుచుండగా, తన భూమి మాత్రము నగరవాసి గొంతు తడుపుటకై పాతికేండ్లు నిలిచిపోయినది. ఆ త్యాగమునకు నగరము చెల్లించిన ప్రతిఫలమేమి? నీటి బిల్లులో ఒక్క రూపాయియైనను ఎగువ గ్రామమునకు పోవలేదు. ఎగువన చెరువు శిఖమును, వాగు గట్టును, దుక్కినేలను కాపాడినందులకు రైతునకు ఏటేట సొమ్ము చెల్లించు పద్ధతి ఏర్పడినంతవఱకు ఏ జీవోయును నిలువదని నా అభిప్రాయము. నీరటికి పంటలో వంతిచ్చిన దేశమిది. ఈ పద్ధతి మనకు కొత్తదని యెవ్వరును అనరాదు.

సముద్రమును ముఖాముఖి నెదుర్కొను విశాఖ యేమి చేయుచున్నది? అచ్చటి పాఠమును ఇట్టిదే. 1976 నాటి ఔటర్ హార్బరు గోడలు తీరము వెంట ఉత్తరముగా నడచిపోవు ఇసుకను అడ్డుకొనగా, రామకృష్ణా బీచికి ఇసుక కఱవై, అలలు ఒడ్డును కొఱుకనారంభించినవి. నాటినుండి పోర్టువారు డ్రెడ్జరుతో ఇసుకను తోడి బీచిపై పోయుచునేయున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చెట్లను, కరెంటు స్తంభములను నేలకూల్చి నగరమును చీకటిలో ముంచిన పిమ్మట, విద్యుత్తు తీగెలను భూమిలోనికి దింపుపని చేపట్టిరి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది కొట్టుకపోయిన తరువాతనే తీరము పొడవున తుఫాను షెల్టర్లు వెలసినవి. ముందుగ తెలిసి, జనులను తరలించుటచే తదుపరి తుఫానులలో మరణములు చాలవఱకు తగ్గినవి. కడలి ఒడ్డున ఇసుక దారిని, మడ అడవుల చోటును వదలిపెట్టుట యెట్టిదో, పీఠభూమిపైన వాగు దారిని, శిఖపు చోటును వదలిపెట్టుట అట్టిదే. నదులకు గట్లు ఎత్తుచేయుటలో ప్రపంచమునకే గురువులైన డచ్చివారు సైతము ఈ శతాబ్ది ఆరంభమున, గట్లను వెనుకకు జరిపి నదికి చోటిచ్చు పథకమును ముప్పదికి మించిన తావులలో నడపిరి. 2011 జులై 2న ఒక్కపూట కుండపోతకు మునిగిన కోపెన్‌హాగెను నగరము, మఱుసటి యేడే, పార్కులను పల్లము చేసి, కొన్ని వీథులను వానవేళ కాలువలుగా పనికివచ్చునట్లు మార్చు ప్రణాళికను సిద్ధపఱచినది. మన శిఖపు నేలను వారు చూచి యుండలేదు; చూచినచో గుర్తుపట్టియుందురు.

ఎండను గూర్చి గూడ రెండు మాటలు. అప్పా జంక్షన్ నుండి చేవెళ్ల మీదుగా మన్నెగూడ పోవు రహదారికి ఇరువైపుల వందలకొలది మఱ్ఱిచెట్లు ఊడలు దింపి నిలిచియున్నవి. రోడ్డు వెడల్పుకై వానిని తొలగింపవలెనన్న ప్రయత్నమునకు వ్యతిరేకముగ చెట్లప్రేమికులు హరిత ట్రిబ్యునలు వఱకు పోయి యేండ్లకొలది పోరాడిరి. రోడ్డు ఇఱుకై ప్రమాదములు జరుగుచున్నవను గ్రామస్థుల మాట అబద్ధము కాదు. ఐనను మే నెలలో ఆ నీడ దాటి, చెట్లు లేని బయటి వలయ రహదారి సర్వీసు రోడ్డుపై ద్విచక్రవాహనమెక్కి పోయినవానిని, నీడ విలువను గూర్చి వేఱుగ అడుగ నక్కఱలేదు.

మఱి చేయవలసినదేమి? మిషన్ కాకతీయ పేర 2015లో చెరువుల పూడిక తీయు పని ఆరంభమై కొంత మేలు చేసినది. 2024లో ఏర్పడిన హైడ్రా అను ప్రభుత్వసంస్థ కొన్ని ఆక్రమణలను తొలగించి, అంబరుపేటలో బతుకమ్మకుంటను మరల నీటితో నింపినది. బుల్‌డోజరు పని కంటికి కనబడును గనుక దానికి చప్పట్లు, శాపనార్థములు రెండును దొరకును. కంటికి కనబడని పని వేఱొకటున్నది: ఇల్లు లేవకముందే, ప్రతి చెరువు పూర్తిమట్టపు హద్దునకు రాళ్లు పాతి, ప్రతి వాగు వెడల్పును గ్రామపటములో నున్నట్లు నేలపై గుర్తించి, అనుమతి నిచ్చు కాగితముమీదనే ఆ పటమును అచ్చువేయుట. ప్లాట్లు మునుగకుండుటకై మత్తడిని రాత్రికి రాత్రి పగులగొట్టి చెరువును నిండనీయకుండ చేయువారు ఈ ప్రాంతమున కలరు. అది చెరువును చంపుట మాత్రమే కాక, దిగువ చెరువుపైకి ఒక్కసారిగ నీటిని తోలుటయు నగును. దానిని వరదనేరముగ శిక్షింపవలెను. జలాశయముల విషయమున, తుఫాను తీరము దాటకమున్నే వాతావరణశాఖ హెచ్చరికను నమ్మి, కొంత నీటిని ముందుగ విడిచి చోటు చేసికొను నియమము వ్రాతపూర్వకముగ నుండవలెను. తుఫాను రాకపోయి, విడిచిన నీటికి తరువాత చింతింపవలసివచ్చినను, ఆ ఇంజినీరును నిందింపరాదు. మూసీ ఒడ్డున ఎన్ని తోటలు వేసినను, ఎన్ని దీపములు పెట్టినను నాకు అభ్యంతరము లేదు; ఆ సొమ్ములో సగమైనను ఎగువ 788 చెరువులలో మిగిలినవానికి ఖర్చుపెట్టనంతవఱకు అది అలంకారమే యగును గాని రక్షణ కానేరదు.

మోకిలలోనో, చేవెళ్లలోనో, మొయినాబాదులోనో స్థలము కొనదలచిన పాఠకులకు ఒక విన్నపము. బ్రోచరును, వెంచరు గేటును, ఆదివారపు ఉచిత బస్సును నమ్మి ఎండకాలమున కొనకుడు. గ్రామపు నక్షా తీసికొని, అందులో నీలిగీత యెచ్చటినుండి యెచ్చటికి పోవుచున్నదో చూడుడు; ఆ ఊరి ముదుసలి రైతును, చెరువు మత్తడి దుంకినప్పుడు నీరెటు పోవునని అడుగుడు; వీలైనచో భాద్రపదములో, పెద్దవాన వెలసిన మఱునాడు స్వయముగ వెళ్లి, ఆ స్థలముపై నిలిచి చూచిన పిదపనే బయానా ఇండు.